కౌన్సెలర్ కావాలంటే: ఫీజు కట్టే ముందు వేయాల్సిన లెక్క

పదకొండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాక కౌన్సెలింగ్ వైపు రావాలనుకున్నాను. ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో నా ఎదురుగా కూర్చుని ఏడ్చినవాళ్లు చాలామంది. టిష్యూ బాక్సు ముందుకు జరపడం తప్ప ఏం చేయాలో తెలిసేది కాదు. అప్పటికి ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు. ఇంటి ఈఎంఐ నడుస్తోంది, పాప ఐదో తరగతి. అందుకని ఫోన్‌లో ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ డిప్లొమాలో చేరాను. ఎనిమిది నెలల కోర్సు, రాత్రి తొమ్మిదింటికి క్లాసులు. ఇంటర్న్‌షిప్ తామే ఇప్పిస్తామన్నారు. తీరా చూస్తే అది పన్నెండు కేసులున్న పీడీఎఫ్. చదివి జవాబులు రాసి పంపమన్నారు. పంపాను, సర్టిఫికెట్ వచ్చింది, ఫ్రేమ్ కూడా కట్టించాను.

దాన్ని పట్టుకుని ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి వెళ్తే, ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్న సైకాలజిస్టు రెండే ప్రశ్నలు అడిగారు. "ఇప్పటిదాకా ఎంతమందిని చూశారు? మీ సూపర్‌వైజర్ ఎవరు?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పద్ధతిగా పీజీ చేసి, ఇప్పుడు ఒక కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఈ దారిలోకి రావాలనుకునే ఉద్యోగులు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "ఆన్‌లైన్‌లో చేయాలా, క్యాంపస్‌లోనా?"

అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఇది: ఈ కోర్సు పూర్తయ్యేసరికి నేను నిజమైన మనుషులతో, అనుభవం ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో, ఎన్ని గంటలు పనిచేసి ఉంటాను? ఆ గంటలను నేను కోరుకునే ఉద్యోగం లెక్కలోకి తీసుకుంటుందా? దీనికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వలేని కోర్సు ఏ మోడ్‌లో ఉన్నా మీకు పనికిరాదు.

ముందు ఉద్యోగం తేల్చుకోండి, తర్వాత కోర్సు

కౌన్సెలర్ అన్న ఒక్క మాట కింద చాలా ఉద్యోగాలున్నాయి. వాటి అర్హతలు ఒకటి కాదు. ఇక్కడ పొరపాటు పడితే రెండేళ్లు, కొన్ని లక్షలు పోతాయి.

ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలనుకుంటే ఆ దారి వేరు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న శిక్షణ కావాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో క్లినికల్ సైకాలజిస్టుకు ఇచ్చిన నిర్వచనంలోనే ఆర్‌సీఐ ఆమోదం, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్నాయి. చాలాకాలం ఈ శిక్షణ అంటే రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్. జాతీయ విద్యావిధానంతో ఎంఫిల్‌ను తీసేస్తున్నందువల్ల ఇప్పుడు కొత్త కోర్సులు దాని స్థానంలోకి వస్తున్నాయి. ఏ కాలేజీకి, ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి ఆమోదం ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూడండి. కాలేజీ బ్రోషర్‌ను నమ్మి ఆగిపోకండి. ఎంఏ కౌన్సెలింగ్ సైకాలజీ చేసినంత మాత్రాన ఆర్‌సీఐ మిమ్మల్ని క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు చేయదు. రిజిస్ట్రేషన్ లేకుండా బోర్డు మీద ఆ పేరు రాసుకుంటే 1992 ఆర్‌సీఐ చట్టం కింద అది నేరం.

స్కూలు, కాలేజీ కౌన్సెలర్ ఉద్యోగాలు మరో రకం. వీటికి గిరాకీ పెరుగుతోంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సెలర్‌ని గానీ, సైకాలజిస్టుని గానీ, సోషల్ వర్కర్‌ని గానీ నియమించుకోవాలంది. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో చూపించగలిగే శిక్షణ ఉండాలని కూడా చెప్పింది. చూపించగలిగే శిక్షణ అన్న మాట దగ్గర ఆగండి. సర్టిఫికెట్ ఒక్కటీ చాలదని దాని అర్థం.

మూడో రకం ప్రభుత్వ పథకాలు, ఎన్జీవోల్లో ఉండేవి: మహిళలకు సాయపడే సఖి కేంద్రాలు, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ కేంద్రాలు, పిల్లల సంరక్షణ సంస్థలు. వీటికి సైకాలజీతో పాటు సోషల్ వర్క్ పీజీ వాళ్లను కూడా తీసుకుంటారు. అంటే కొందరికి ఎంఎస్‌డబ్ల్యూ దగ్గరి దారి కావచ్చు. నాలుగోది కార్పొరేట్ కంపెనీలకు సేవలందించే ఎంప్లాయీ అసిస్టెన్స్ సంస్థలు. ఐదోది సొంత ప్రాక్టీస్. కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్లు నేరుగా సొంత ప్రాక్టీస్‌లోకి దిగొద్దని గట్టిగా చెబుతాను. పక్క గదిలో అడగడానికి ఎవరూ లేని చోట మొదటి రెండేళ్లు గడపకూడదు.

ఇప్పుడు ఒక పని చేయండి. మీకు కావాల్సిన ఉద్యోగానికి ఇటీవల వచ్చిన ఐదు ప్రకటనలు దగ్గర పెట్టుకోండి. అర్హత అన్న లైనులో ఏముందో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ముందు పెట్టుకుని కోర్సులు వెతకండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు కోర్సులో చేరి, తర్వాత దానికి సరిపడే ఉద్యోగం కోసం తిరుగుతారు.

2025లో మారిన రూలు

చాలాకాలం ఉద్యోగం చేసుకునేవాళ్లకు సులువైన దారి దూరవిద్య. ఇగ్నో ఎంఏ సైకాలజీ చేసి ఈ రంగంలోకి వచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో మంచి కౌన్సెలర్లూ ఉన్నారు. మీ ఆఫీసులో ఎవరైనా సీనియర్ అలా చేసి ఉంటే, మీకూ అదే సలహా ఇస్తారు. ఆ సలహాకు కాలం చెల్లింది.

2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. సైకాలజిస్టులు, కొన్ని రకాల కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఆ చట్టం షెడ్యూల్లో ఉన్నారు. దాని పరిధిలోకి వచ్చే ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని, 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి కొత్త అడ్మిషన్లు ఇవ్వకూడదని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. అందులో సైకాలజీ ఉంది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ కూడా ఉన్నాయి. బీఏలో మూడు సబ్జెక్టులుండి వాటిలో సైకాలజీ ఒకటైతే, ఆ ఒక్క స్పెషలైజేషన్‌కు గుర్తింపు పోతుంది.

దీన్నిబట్టి మీరు తెలుసుకోవాల్సింది మూడు విషయాలు.

ఒకటి. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "ఆన్‌లైన్ ఎంఏ సైకాలజీ, యూజీసీ గుర్తింపు" అంటే, యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, మీరు చేరబోయే సెషన్, మూడూ కలిపి ఉన్నాయో లేదో చూడండి. యూనివర్సిటీ పేరు ఉంటే చాలదు. పాత సెషన్ అనుమతి పత్రాన్ని వాట్సాప్‌లో పంపితే అది ఆధారం కాదు.

రెండు. "ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీయే చెప్పింది" అని ఏజెంట్లు అంటారు. 2022లో యూజీసీ ఆ మాట చెప్పింది నిజమే. అది అనుమతి ఉన్న కోర్సుల గురించి. పైగా డిగ్రీ సమానత వేరు, వృత్తి రిజిస్ట్రేషన్ వేరు. మొదటిది యూజీసీ చూసుకుంటుంది. రెండోది ఆర్‌సీఐ, కొత్త కమిషన్ కింద ఏర్పడే రాష్ట్ర కౌన్సిళ్లు చూసుకుంటాయి. క్లినికల్ శిక్షణకు వెళ్తే, సైకాలజీ పీజీ రెగ్యులర్ మోడ్‌లోనే చేసి ఉండాలనే సంస్థలూ ఉన్నాయి.

మూడు. ఈ రూలు రాకముందే చేరి ఇప్పుడు మధ్యలో ఉన్నవాళ్లు కంగారుపడి కోర్సు మానేయకండి. ఆపింది కొత్త అడ్మిషన్లను. మీ అడ్మిషన్ సెషన్, ఆ సెషన్‌కు కోర్సుకున్న అనుమతి, ఈ రెండింటి కాపీలు ఇప్పుడే తీసి భద్రపరచుకోండి. ఐదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే అప్పటి వెబ్‌సైట్‌లో అవి దొరుకుతాయన్న భరోసా లేదు. మిగిలిన శక్తినంతా ఇంటర్న్‌షిప్ మీద పెట్టండి.

ఇక మనదేశంలో ఆన్‌లైన్ అంటే ఎక్కువగా మిగిలింది సర్టిఫికెట్ కోర్సులు, ప్రైవేటు సంస్థల డిప్లొమాలు. వాటికి ఒక ఉపయోగం ఉంది, కింద చెబుతాను. అవి మిమ్మల్ని సైకాలజిస్టుని చేయవు.

స్క్రీన్ మీద నేర్చుకోలేనిది

క్యాంపస్ అంటే బిల్డింగు కాదు. మీ పనిని ఎవరో కూర్చుని చూసి, తప్పు పట్టి, మళ్లీ చేయించడం. అదెలా ఉంటుందో చెప్తాను.

పీజీ మొదటి సెమిస్టర్‌లో ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించేవారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింట్, ఒకరు పరిశీలకుడు. రికార్డ్ చేసి, తర్వాత ఇద్దరూ మాట్లాడిన ప్రతి మాటా రాసుకెళ్లాలి. దాన్ని వెర్బేటిమ్ అంటారు. నాకు క్లయింట్‌గా కూర్చున్న క్లాస్‌మేట్ బీటెక్ కుర్రాడి పాత్ర తీసుకున్నాడు. "నాలుగు బ్యాక్‌లాగ్‌లున్నాయి మేడం. ఇంట్లో చెప్పలేదు" అని ఆగాడు. నేను ఆగలేదు. "చెప్పేస్తే భారం తగ్గుతుంది కదా" అనేశాను. మా సూపర్‌వైజర్ ఆ లైను చుట్టూ ఎర్రపెన్నుతో గీత గీసి పక్కన "ఎవరి భారం?" అని రాశారు. రికార్డింగ్ మళ్లీ పెట్టించి టైమ్ చూడమన్నారు. అతను ఆగిన దగ్గర్నుంచి నేను నోరు తెరిచేసరికి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్ల మౌనం భరించలేక సలహా ఇచ్చాను. పరిశీలకురాలు ఇంకొకటి చెప్పింది: నేను సలహా ఇవ్వగానే అతను ఒళ్లో ఉన్న బ్యాగు పట్టీని చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడట. నేను చూడనేలేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఏ రికార్డెడ్ లెక్చర్‌లోనూ దొరికేది కాదు. ఆఫీసులో ఏళ్ల తరబడి సమస్య రాగానే పరిష్కారం చెప్పడం అలవాటైన మనలాంటివాళ్లకు ఈ శిక్షణ మరీ అవసరం. మేనేజర్ బుద్ధి వదలడానికి నాకు ఏడాది పట్టింది.

ఇంకో విషయం భాష. మన పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. డిప్రెషన్, యాంగ్జయిటీ లక్షణాలు ఇంగ్లిష్‌లో బట్టీపడతాం. ఎదురుగా వచ్చే మనిషి "గుండె దడగా ఉంటోందండీ", "ఒళ్లంతా లాగేస్తోంది", "తిండి సయించట్లేదు", "దేని మీదా ధ్యాస లేదు" అంటారు. ఏ మాట వెనక ఏముందో, ఏది ముందు డాక్టర్ చూడాల్సిన ఒంటి జబ్బో, ఏది మనం వినాల్సిన బాధో తెలుసుకోవాలంటే తెలుగు మాట్లాడే క్లయింట్లు, తెలుగు తెలిసిన సూపర్‌వైజర్ కావాలి. ఎక్కడో ఉన్న సూపర్‌వైజర్ వారానికోసారి ఇంగ్లిష్‌లో మీ నోట్స్ చూస్తే ఈ పని జరగదు. మీరు పనిచేయబోయేది మన ఊళ్లలోనే అయితే ప్రాక్టికమ్, అంటే పర్యవేక్షణలో క్లయింట్లతో చేసే ప్రాక్టీస్ కూడా ఇక్కడే ఉండేలా చూసుకోండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి పెద్ద ఆసుపత్రులు, స్కూళ్లు, డీ అడిక్షన్ కేంద్రాలు: వీటిలో మీ కోర్సుకు దేనితో ఒప్పందం ఉందో అడగండి.

మూడోది ప్రమాదం. ఏదో ఒకరోజు మీ ఎదురుగా కూర్చున్న మనిషి "బతకాలని లేదు" అంటారు. ఆ నిమిషంలో ఏం అడగాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లోవాళ్లకు ఎప్పుడు చెప్పాలి, ఏం రాసి పెట్టుకోవాలి? కోర్సులో ఇది నేర్పించి, ఇంటర్న్‌షిప్‌లో అలాంటి ఘడియ వస్తే వెంటనే దొరికే సూపర్‌వైజర్ ఫోన్ నంబరు మీ చేతికి ఇవ్వాలి. ప్రభుత్వ టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 ఎప్పుడూ ఉంటుంది. అయినా మీ క్లయింట్ బాధ్యతలో మీకు తోడు మీ సూపర్‌వైజరే. ఈ ఏర్పాటు లేని ఇంటర్న్‌షిప్‌కు ఒప్పుకోకండి. అది క్లయింటుకూ మీకూ ప్రమాదం.

ఆన్‌లైన్ ఎక్కడ పనికొస్తుంది

ఆన్‌లైన్ చదువును కొట్టిపారేయను. థియరీలు, స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్, పర్సనాలిటీ సిద్ధాంతాలు స్క్రీన్ మీద బాగానే నేర్చుకోవచ్చు. వెనక్కి తిప్పి వినే వీలుంటుంది కాబట్టి, పదేళ్ల తర్వాత పుస్తకం పట్టినవాళ్లకు అదే మేలు కూడా. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండి, చంటిపిల్లలతో రోజూ క్యాంపస్‌కు రాలేని అమ్మాయికి ఈ వెసులుబాటు చిన్నది కాదు.

మూడు సందర్భాల్లో ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు పెట్టొచ్చు. మొదటిది, ఈ రంగం నాకు సరిపడుతుందా అని తేల్చుకోవడానికి, తక్కువ ఖర్చుతో ఒక పరిచయ కోర్సు. రెండోది, మీ అసలు పనికి అదనపు నైపుణ్యంగా. టీచర్, నర్సు, హెచ్‌ఆర్ ఉద్యోగి వినే పద్ధతి నేర్చుకుంటే పనిలో ఉపయోగపడుతుంది, పేరు పక్కన ఏ బిరుదూ తగిలించుకోనంతవరకు. మూడోది, రెగ్యులర్ పీజీ అయ్యాక ఒక ప్రత్యేక చికిత్సా పద్ధతిలో లోతైన శిక్షణ కోసం, లైవ్ సూపర్‌విజన్ ఉంటేనే. ఈ మూడూ మీకున్న అర్హతకు తోడు, అర్హతకు బదులు కాదు.

గంటల లెక్క

ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవాళ్లు ఫీజు లెక్క వేస్తారు, గంటల లెక్క వేయరు. బోల్తా పడేది ఇక్కడే.

మీ కోర్సు 600 గంటల ఫీల్డ్ వర్క్ అడుగుతోందనుకోండి. వారానికి ఎనిమిది గంటలు కేటాయిస్తే 75 వారాలు, దాదాపు ఏడాదిన్నర. శనివారం నాలుగు గంటలే ఇవ్వగలిగితే 150 వారాలు, దాదాపు మూడేళ్లు. పండగలు, పరీక్షలు, ఆఫీసులో క్వార్టర్ ఎండ్ ఇందులో కలపలేదు. అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఆసుపత్రి ఓపీ పొద్దున నడుస్తుంది. స్కూలు మధ్యాహ్నం వరకో సాయంత్రం వరకో. ఆదివారం రెండూ మూసి ఉంటాయి. అంటే మీకు ఖాళీ ఉన్నప్పుడు క్లయింట్లు ఉండరు, క్లయింట్లు ఉన్నప్పుడు మీరు ఆఫీసులో ఉంటారు. ఆన్‌లైన్ కోర్సులో చేరినా ఈ గంటలు మాత్రం ఆఫ్‌లైనే. "ఉద్యోగం మానక్కర్లేదు" అన్న ప్రకటన క్లాసుల గురించి చెబుతుంది, ఫీల్డ్ వర్క్ గురించి చెప్పదు.

ఇక డబ్బు. నెలకు 60,000 జీతం వస్తోందనుకుందాం. ఉద్యోగం మాని రెండేళ్లు చదివితే పోయే జీతమే 14.4 లక్షలు. ఫీజు దాని పక్కన పెట్టి చూడండి. క్యాంపస్ ఫీజులో ఏడాదికి 20 వేలు తగ్గించుకోవడానికి బలహీనమైన కాలేజీలో చేరడం తెలివైన పొదుపు కాదు. కౌన్సెలర్‌గా మొదటి ఉద్యోగం జీతం మీ ఇప్పటి జీతం కంటే తక్కువే ఉంటుందన్న లెక్కతోనే దిగండి. ప్రభుత్వ యూనివర్సిటీ సీటు వస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. తెలంగాణలో రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లు సీపీగెట్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ద్వారా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సీట్లు సీయూఈటీ పీజీ ద్వారా నింపుతారు. ఒక ఏడాది ఆగి ఎంట్రన్స్‌కు చదవడం వృథా కాదు.

మూడు సందర్భాలు

గచ్చిబౌలిలో టీమ్ లీడ్. బీటెక్ చదువు, వయసు 34, ఈఎంఐ ఉంది. సొంత ప్రాక్టీస్ పెట్టాలని కోరిక. ఈయనకు నా సలహా: ఈ ఏడాది ఉద్యోగం మానొద్దు. ఆరు నెలలు ఒక పరిచయ కోర్సు చేస్తూ, ఏదైనా హెల్ప్‌లైన్‌లోనో ఎన్జీవోలోనో శిక్షణ పొందిన వాలంటీర్‌గా చేరండి. బాధలో ఉన్న మనిషి మాట గంటసేపు వినగలరో లేదో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత కూడా మనసు అటే ఉంటే, ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, సైకాలజీ డిగ్రీ లేకపోయినా పీజీలోకి తీసుకునే యూనివర్సిటీలేవో చూసి ఎంట్రన్స్ రాయండి. వీకెండ్ పీజీ అని చెప్పే కాలేజీ దొరికితే, అది రెగ్యులర్ మోడ్‌గా నమోదైందా, డిగ్రీ మీద ఏమని వస్తుందని రాతపూర్వకంగా అడగండి. హాజరు మేం చూసుకుంటామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

గుంటూరులో హైస్కూల్ టీచర్. వయసు 41. స్కూల్లో పిల్లలు ఈవిడ దగ్గరకే వచ్చి చెప్పుకుంటారు. ఈవిడకు ఉద్యోగం మారాలని లేదు, అదే స్కూల్లో కౌన్సెలర్ బాధ్యత తీసుకోవాలనుంది. ముందు తన బోర్డు నిబంధనల్లో కౌన్సెలర్ అర్హత ఏమని ఉందో ఇప్పటి ప్రతిలో చదవాలి. మేనేజ్‌మెంట్‌తో ఒక మాట అనుకుని, ఆ అర్హతకు సరిపోయే కోర్సే చేయాలి. గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా చాలని అక్కడ ఉంటే, రెండేళ్ల పీజీ కోసం సెలవు పెట్టక్కర్లేదు. దూరవిద్య, ముఖాముఖి తరగతులు, ప్రాక్టికమ్ మూడూ కలిసి ఉండేలా ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన డిప్లొమా ఈ పద్ధతికి మంచి నమూనా. మీరు చూసే డిప్లొమాను దానితో పోల్చండి. ముఖాముఖి తరగతులు లేకుండా, ప్రాక్టికమ్ లేకుండా ఇచ్చే డిప్లొమా అయితే వదిలేయండి.

మూడో మనిషి ఇప్పటికే దూరవిద్యలో ఎంఏ సైకాలజీ పూర్తిచేసింది. ఇంటర్న్‌షిప్ పేరుకే అయింది. డిగ్రీ ఉంది, చేతిలో పని లేదు. నిరాశ పడాల్సింది ఏమీ లేదు. ఒక ఆసుపత్రిలోనో కౌన్సెలింగ్ సెంటర్‌లోనో అనుభవమున్న సైకాలజిస్టు కింద ఏడాది ట్రైనీగా చేరమని చెబుతాను. జీతం నామమాత్రం కావచ్చు. లాగ్‌బుక్ మొదటిరోజు నుంచి పెట్టాలి: తేదీ, క్లయింట్ పేరు బదులు కోడ్, ఎంతసేపు, ఏ రకం పని, సూపర్‌వైజర్ సంతకం, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు. నెలాఖరున సంతకం చేయించుకోవాలి. ఏడాది చివర ఒకేసారి అడిగితే సూపర్‌వైజర్ బదిలీ అయిపోయి ఉంటారు, ఆ గంటలు పోయినట్టే.

అమెరికాలో ఉన్నవాళ్లకు

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఇదే ప్రశ్న అడిగే మనవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా భర్త ఉద్యోగరీత్యా వెళ్లి అక్కడ కొత్త వృత్తి మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లు. అక్కడి పరిస్థితి వేరు. ఆన్‌లైన్ మాస్టర్స్ నిషేధం కాదు, చాలా యూనివర్సిటీలు నడుపుతున్నాయి. చూడాల్సింది కేక్రెప్ అనే సంస్థ గుర్తింపు. ఆ ప్రమాణాల ప్రకారం 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్, 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఆ 600లో 240 గంటలు క్లయింటుతో నేరుగా గడపాలి. చదువు ఆన్‌లైన్ అయినా ఈ గంటలు మీ ఊళ్లో మనుషులతోనే.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. పేర్లు కూడా వేరు: టెక్సస్‌లో ఎల్‌పీసీ, న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ. డిగ్రీ తర్వాత టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ 3,000 గంటల సూపర్‌వైజ్డ్ అనుభవం అడుగుతారు. ఒహాయో లాంటి చోట కేక్రెప్ గుర్తింపు ఉన్న డిగ్రీయే కావాలి. యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో, మీరు ఇంకో రాష్ట్రంలో ఉంటే, మీ రాష్ట్ర లైసెన్సుకు ఈ ప్రోగ్రామ్ సరిపోతుందా లేదా అని యూనివర్సిటీ ప్రకటించిన పేజీ చదివి, రాష్ట్ర బోర్డుకు మెయిల్ పెట్టి నిర్ధారించుకోండి. ఇంటాయన ప్రాజెక్టు మారి రెండేళ్లలో రాష్ట్రం మారే అవకాశం ఉంటే ఆ రెండో రాష్ట్రం నిబంధనలు కూడా చూడాలి.

వీసా మాట మర్చిపోకండి. విద్యార్థి వీసా ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ చేస్తూ అక్కడ ఉండలేరు. ఫుల్‌టైమ్ లెక్కలోకి టర్ముకు ఒక ఆన్‌లైన్ క్లాసు, మూడు క్రెడిట్ల వరకే వస్తుంది. ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి కావాలి. డిపెండెంట్ వీసా హెచ్-4 మీద చదువుకోవచ్చు. పని అనుమతి లేకుండా ఇంటర్న్‌షిప్ గంటలు ఎలా పూర్తిచేయాలన్నది ఫీజు కట్టే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాల్సిన విషయం. మూడో సెమిస్టర్‌లో తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది. తిరిగి ఇండియాకు వచ్చేసే ఆలోచన ఉంటే, ఆ డిగ్రీ ఇక్కడి రిజిస్ట్రేషన్‌కు ఎలా లెక్కవుతుందో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కడ దెబ్బతింటారు

నేను చూసిన నష్టాలన్నీ దాదాపు ఈ నాలుగు రకాలే.

కోర్సు పేరు చూసి మోసపోవడం. "ఇంటర్నేషనల్ సర్టిఫైడ్", "గ్లోబల్ బోర్డ్" లాంటి మాటలకు మన చట్టంలో విలువ లేదు. గుర్తించింది ఏ చట్టం కింద ఏర్పడిన సంస్థ అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు తడబడితే అక్కడితో ఆపండి.

తొందర. "ఈ రాత్రికి సీటు బ్లాక్ చేస్తే 40 శాతం తగ్గింపు" అని చెప్పే చోట అడ్మిషన్ అధికారి లేడు, సేల్స్ టార్గెట్ ఉన్న ఉద్యోగి ఉన్నాడు. మనం కూడా టార్గెట్ల మధ్యే బతుకుతాం కాబట్టి అతని మీద కోపం అక్కర్లేదు. డబ్బు మాత్రం కట్టొద్దు. రీఫండ్ రూల్స్ చదవకుండా ఎడ్యుకేషన్ లోన్ లింకు మీద సంతకం చేయొద్దు. కోర్సు మానేసినా ఆ ఈఎంఐ మానదు.

ప్లేస్‌మెంట్ విద్యార్థి నెత్తిన వేయడం. "ఇంటర్న్‌షిప్ సైట్ మీరే వెతుక్కోవాలి" అన్న లైను హ్యాండ్‌బుక్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరూ తెలియని ఊళ్లో ఆసుపత్రి గడప ఎక్కి అడగడం, సూపర్‌వైజర్‌ను ఒప్పించడం నెలల పని. చదువు అక్కడే ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు.

సొంత గాయం. మన బాధ తగ్గించుకోవడానికి ఈ చదువులోకి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. అది తప్పు కాదు. ముందు మీరు క్లయింటుగా వెళ్లి మీ సంగతి చూసుకోండి. లేకపోతే ఎదుటివాళ్ల కథలో మీ కథ వినిపించి, వాళ్లకు చెప్పాల్సింది మీకు మీరు చెప్పుకుంటారు.

అడ్మిషన్ ఆఫీసులో అడగాల్సినవి

ఈ ప్రశ్నలు మెయిల్‌లో పంపండి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి.

1. ఈ కోర్సు ఏ మోడ్‌లో నమోదైంది? డిగ్రీ మీద అది ఎలా వస్తుంది?
2. నేను చేరే సెషన్‌కు యూజీసీ అనుమతి, అవసరమైతే ఆర్‌సీఐ ఆమోదం ఉన్నాయా? పత్రం నంబరు, తేదీ?
3. ఫీల్డ్ వర్క్ మొత్తం ఎన్ని గంటలు? అందులో క్లయింటుతో నేరుగా ఎన్ని?
4. సైట్లు ఎవరు ఇస్తారు? గత బ్యాచ్ ఏ ఆసుపత్రులు, స్కూళ్లలో చేసింది?
5. సూపర్‌వైజర్ అర్హత ఏమిటి? ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులు? వారానికి ఎంతసేపు?
6. నా సెషన్లను ఎవరైనా నేరుగా గానీ రికార్డింగ్‌లో గానీ వింటారా?
7. మధ్యలో ఉద్యోగం వల్ల ఆపాల్సి వస్తే మళ్లీ ఎప్పుడు, ఎక్కడినుంచి మొదలుపెట్టొచ్చు?

ఏడింటిలో మూడో, ఐదో, ఆరో ప్రశ్నలకు జవాబు రాకపోతే మిగతావి చదవక్కర్లేదు.

మెయిల్ కాకుండా ఇంకొక పని. ఆ కోర్సులో రెండేళ్ల క్రితం చదివి బయటికొచ్చిన ముగ్గురిని లింక్డిన్‌లో వెతికి, ఈ ఆదివారం ఫోన్ చేయండి. బ్రోషర్‌లో ఫొటో ఉన్నవాళ్లకు కాదు, మీరే వెతికి పట్టుకున్నవాళ్లకు. కోర్సు బాగుందా అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. ఆ రోజు స్కూల్లో నన్ను అడిగిన రెండు ప్రశ్నలే వాళ్లను అడగండి: చదువు అయ్యేసరికి ఎంతమందిని చూశారు, సూపర్‌వైజర్ ఎవరు? పేరు, సంఖ్య తడుముకోకుండా చెప్పగలిగితే ఆ కోర్సు ఆన్‌లైన్‌లో ఉన్నా క్యాంపస్‌లో ఉన్నా పరిశీలించదగ్గదే. "ఏదో, ఇంటర్న్‌షిప్ రిపోర్టు రాసిచ్చాం" అంటే, ఆ మాట మీరు ఇంటర్వ్యూలో చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుని, ఫీజు మీ అకౌంట్లోనే ఉంచుకోండి.